రాజ్యాంగంలో సెన్సార్ లేదు, మరి బాల్కన్ దేశాల్లో పత్రికలకు ఊపిరెందుకు ఆడదు?

మీ ప్రశ్నను కుదించి చెబుతాను. ఎల్‌ఎల్‌ఎం డిసర్టేషన్ కోసం సెర్బియా, బల్గేరియా, మాసిడోనియా (ఇప్పటి పేరు ఉత్తర మాసిడోనియా) రాజ్యాంగాలు చదివారు. మూడింటిలోనూ పత్రికా స్వేచ్ఛకు హామీ ఉంది. సెర్బియా 2006 రాజ్యాంగం 50వ అధికరణం అయితే దేశంలో సెన్సార్‌షిప్ లేదని నేరుగానే రాసేసింది. పరువు నష్టాన్ని చాలా చోట్ల క్రిమినల్ నేరాల్లోంచి తీసేశారు. అయినా అక్కడి జర్నలిస్టుల వార్తలు చూస్తే బెదిరింపులు, దావాలు, మూసివేతలే. ఇదంతా కమ్యూనిజం అలవాట్లు పోకపోవడమా, చట్టంలో లొసుగులా, ఏ చట్టం మారిస్తే బాగుపడుతుంది అన్నవి మీ సందేహాలు. ర్యాంకింగ్‌లను నమ్మొచ్చా అని చివర్లో ఇంకొకటి అడిగారు.

నేను హైదరాబాద్‌లో లా చదివి, చాలా ఏళ్ళుగా వియన్నాలో జర్నలిస్టులకు న్యాయ సహాయం చేసే ఒక సంస్థలో పనిచేస్తున్నాను. బాల్కన్, అంటే ఆగ్నేయ యూరప్ దేశాల కేసు ఫైళ్ళు చూడడం, అవసరమైతే విచారణకు వెళ్ళి పరిశీలకుడిగా వెనక బెంచీలో కూర్చోవడం నా పని. అందుకే ఈ జవాబు కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

సూటి జవాబు ముందే చెప్పేస్తాను. అక్కడ పత్రికల గొంతు నొక్కుతున్నది ప్రభుత్వ డబ్బు, అదీ చట్టప్రకారమే. ప్రకటనలు, మునిసిపాలిటీ గ్రాంట్లు, టీవీ లైసెన్సులు, పన్నుల తనిఖీలు, పరువు నష్టం దావాలు. వీటిలో దేన్నీ చట్టవిరుద్ధం అనలేం. ప్రతిదానికీ ఒక చట్టం, ఒక కమిటీ, ఒక సంతకం ఉంటాయి. ఆ సంతకం ఎవరిదో, ఆ కమిటీలో వాళ్ళను కూర్చోబెట్టింది ఎవరో చూస్తే తప్ప అసలు కథ తెలియదు. రాజ్యాంగాలు పక్కపక్కన పెట్టి పోల్చి రాస్తే మార్కులు బాగానే వస్తాయేమో గానీ, విషయం మీ చేతికి చిక్కదు.

ముందు కమ్యూనిజం సంగతి. 'పాత అలవాట్లు' అనే వివరణ అందరికీ నచ్చుతుంది, ఇప్పుడు కుర్చీలో ఉన్నవాళ్ళను ఎవరినీ తప్పుపట్టక్కర్లేదు కాబట్టి. కానీ ఆ గతం అన్ని దేశాల్లో ఒక్కలా లేదు. కమ్యూనిస్టు నియంత చౌసెస్కు కాలపు రొమేనియాలో 1983లో ఒక డిక్రీ తెచ్చారు. ఇంట్లో టైప్‌రైటర్ ఉంటే పోలీసుల దగ్గర రిజిస్టర్ చేయించాలి, ఏటా దాని అక్షరాల నమూనా టైప్ చేసి అప్పజెప్పి రావాలి. రేపు ఎక్కడైనా కరపత్రం కనిపిస్తే ఏ మిషను మీద కొట్టారో పట్టుకోవడానికి ఈ ఏర్పాటు. అదే సమయంలో పక్కనున్న యుగోస్లావియా (సెర్బియా, మాసిడోనియా, బోస్నియాలు అప్పుడు అందులో భాగాలే) జనం పాస్‌పోర్టు పట్టుకుని జర్మనీ వెళ్ళి పనిచేసి వచ్చేవాళ్ళు. అక్కడ ముందస్తు సెన్సార్ పెద్దగా లేదు గానీ, నోరు జారితే శిక్షాస్మృతి 133వ సెక్షన్ ఉండేది, శత్రు ప్రచారం కింద జైలు. ఇంత వేర్వేరు గతాల్లోంచి వచ్చిన దేశాలు ఈరోజు దాదాపు ఒకే పద్ధతులు వాడుతున్నాయంటే, కారణాలు 1990 తర్వాతి చరిత్రలోనే ఎక్కువ వెతకాలి.

పైగా సెర్బియాలో ఈ తరం గుర్తుపెట్టుకున్న అతి దుర్మార్గమైన పత్రికా చట్టం కమ్యూనిస్టు కాలానిది కాదు. బహుళ పార్టీల ఎన్నికలు మొదలయ్యాక, మిలోషెవిచ్ పాలనలో 1998 అక్టోబరులో వచ్చింది. ఫిర్యాదు అందిన ఇరవై నాలుగు గంటల్లో విచారణ, తాను రాసింది నిజమని నిరూపించుకోవాల్సిన భారం పత్రికదే, తప్పితే పత్రిక మూతపడేంత జరిమానా. మొదటి దెబ్బ తిన్నది స్లావ్కో చురువియా నడిపే 'ఎవ్రొప్లియానిన్' అనే పత్రిక. జరిమానా 24 లక్షల దినార్లు. అప్పుడు సమాచార మంత్రి పేరు అలెగ్జాండర్ వుచిచ్. 2014లో ఆయన ప్రధానమంత్రి, 2017 నుంచి దేశాధ్యక్షుడు. కాబట్టి 'పాత వ్యవస్థ' అన్నప్పుడు ఏ పాత వ్యవస్థ గురించి మాట్లాడుతున్నామో మీ డిసర్టేషన్‌లో స్పష్టంగా రాయండి.

ఇక డబ్బు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

సెర్బియా జనాభా 2022 లెక్కల్లో 66 లక్షల పైచిలుకు. బల్గేరియాది 65 లక్షలు. ఉత్తర మాసిడోనియాది 18 లక్షలే. ఒక్క హైదరాబాద్ నగరం కన్నా చిన్న మార్కెట్లు, ప్రతిదానికీ సొంత భాష, కొన్ని చోట్ల సొంత లిపి. పాఠకులు పెరిగే దారి లేదు, ప్రకటనలిచ్చే పెద్ద కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి చోట ప్రభుత్వం, ప్రభుత్వ రంగ సంస్థలు, మునిసిపాలిటీలు ప్రకటనలు ఆపేస్తే పత్రిక నెల తిరిగేసరికి జీతాలివ్వలేదు. ఎడిటర్‌కి ఫోన్ చేసి 'ఇది వేయొద్దు' అని చెప్పాల్సిన అవసరమే రాదు.

దీన్ని సరిచేయడానికే 2014లో సెర్బియా కొత్త మీడియా చట్టాలు తెచ్చింది. చదివితే ముచ్చటేస్తుంది. ప్రభుత్వం పత్రికల యాజమాన్యంలోంచి పూర్తిగా తప్పుకోవాలి. దానికి బదులు ప్రజలకు పనికొచ్చే కార్యక్రమాలకు పోటీ పద్ధతిలో నిధులివ్వాలి. దరఖాస్తులను స్వతంత్ర నిపుణుల కమిటీ పరిశీలించాలి. యూరప్ నిపుణులు కూడా మెచ్చుకున్నారు.

అమలు ఎలా ఉంటుందో చూపిస్తాను. దక్షిణ సెర్బియాలో ఒక చిన్న పట్టణం, పేరు చెప్పను. అక్కడ భార్యాభర్తలిద్దరే నడిపే వార్తా పోర్టల్ ఒకటి మా దగ్గరకు వచ్చింది. మునిసిపాలిటీ ఫలితాల పట్టిక తెచ్చి బల్ల మీద పెట్టారు. సంస్థ పేరు, ప్రాజెక్టు పేరు, అడిగిన మొత్తం, ఇచ్చిన మొత్తం, కారణం అని గడులు. వీళ్ళ ప్రాజెక్టు ఊరి తాగునీటి పైపుల కాంట్రాక్టుల మీద కథనాలు. ఇచ్చిన మొత్తం సున్నా. రెండు వరుసల పైన ఒక కంపెనీ. అదే ఏడాది రిజిస్టరైంది, వెబ్‌సైట్ తెరిస్తే ఖాళీ పేజీ. ప్రాజెక్టు పేరు గ్రామీణ సంప్రదాయాల మీద వీడియోలు. అడిగినంతా ఇచ్చారు. కారణం గడిలో 'ప్రాజెక్టు ప్రజా ప్రయోజనానికి దోహదపడుతుంది' అని ఒకే వాక్యం. వీళ్ళకు రాసిందీ అదే వాక్యం, చివర్లో 'దోహదపడదు' అని మార్చారంతే. మార్కుల పట్టిక లేదు, చర్చ లేదు.

కమిటీ సభ్యులు ఎవరు? చట్టం అడిగినట్టే జర్నలిస్టు సంఘాలు సూచించిన నిపుణులే. కాకపోతే ఆ సంఘాల్లో కొన్ని పాత, పేరున్న సంఘాలు కావు, కొత్తగా పుట్టినవి. కాగితం మీద నిబంధన పాటించినట్టే. ఆ దంపతులు పరిపాలనా కోర్టుకు వెళ్ళారు. నిర్ణయం చెల్లదని తీర్పు కూడా వచ్చింది, కానీ అప్పటికి ఆ ఏడాది బడ్జెట్టూ ఖర్చయింది, తర్వాతి ఏడాదిదీ ఖర్చయింది. గెలిచినా పైసా రాలేదు.

ఇలాంటి ఒత్తిడి తట్టుకోలేక ఆగిపోయిన వాటిలో అందరికీ తెలిసింది 'వ్రాన్యస్కే' వారపత్రిక. 1994లో మొదలైన స్థానిక పత్రిక. వరుస పన్ను తనిఖీల తర్వాత 2017 సెప్టెంబరులో మూసేసి, దాని సంపాదకుడు వుకాషిన్ ఒబ్రాదొవిచ్ నిరాహార దీక్షకు కూర్చున్నారు. బెల్‌గ్రేడ్ బయటి పత్రికల పరిస్థితి గురించి దేశం కొన్నాళ్ళు మాట్లాడుకుంది.

ప్రభుత్వం యాజమాన్యంలోంచి తప్పుకోవడం మాట? ప్రభుత్వ వార్తాసంస్థ తాన్‌యుగ్‌ను 2015లో కాగితం మీద రద్దు చేశారు, అయినా అది వార్తలివ్వడం ఆపలేదు. రద్దయిన సంస్థ ఏళ్ళ తరబడి పనిచేసింది. చివరికి 2023లో చట్టాన్నే సవరించి, ప్రభుత్వ వాటా ఉన్న టెలికాం కంపెనీ ద్వారా మీడియా సంస్థలను సొంతం చేసుకోవడానికి దారి తెరిచారు. ముందు ఉల్లంఘన, తర్వాత దాన్ని చట్టం చేయడం. ఈ వరుస మీకు బాల్కన్‌లో చాలాసార్లు కనిపిస్తుంది.

బల్గేరియాలో ఇదే పని బ్యాంకు ద్వారా జరిగింది. కార్పొరేట్ కమర్షియల్ బ్యాంకు అని ఒకటుండేది, ప్రభుత్వ సంస్థల డిపాజిట్లు పెద్ద ఎత్తున అందులో ఉండేవి. ఆ బ్యాంకు అప్పులతోనే రాజకీయ నాయకుడు డెల్యాన్ పీవ్‌స్కి కుటుంబం పత్రికలు కొనుక్కుంటూ పోయింది, పేపర్ల పంపిణీ వ్యవస్థలోనూ పట్టు సంపాదించింది. 2013 జూన్‌లో పార్లమెంటు ఆయన్ని ఏకంగా జాతీయ భద్రతా సంస్థ అధిపతిగా ఎన్నుకుంది. అదే సాయంత్రం సోఫియా వీధులు నిండిపోయాయి, ఆయన తప్పుకున్నారు, అయినా నిరసనలు ఏడాది పైన సాగాయి. 2014లో ఆ బ్యాంకు కూలిపోయింది. 2021లో అమెరికా అవినీతి ఆరోపణల మీద ఆయనపై ఆంక్షలు పెట్టింది. గమనించండి, ఇదంతా బల్గేరియా 2007లో యూరోపియన్ యూనియన్‌లో చేరిన తర్వాతి కథ. 'యూనియన్‌లో చేరితే అన్నీ సర్దుకుంటాయి' అనే వాదన మీ నోట్స్‌లో ఉంటే దీన్ని దాటి ముందుకు పోలేరు.

మాసిడోనియాలో గ్రుయెవ్‌స్కి ప్రధానిగా ఉన్నప్పుడు దేశంలో అతి పెద్ద ప్రకటనదారుల్లో ప్రభుత్వమే ఒకటి. ఏ1 అనే పెద్ద ప్రైవేటు టీవీ 2011లో పన్ను ఎగవేత కేసులో మూతపడింది, యజమానికి 2012లో 13 ఏళ్ళ శిక్ష పడింది. ఇలాంటి కేసుల్లో తొందరపడి 'అమాయకుడిని ఇరికించారు' అని రాయకండి. పన్ను ఎగవేత నిజమే కావచ్చు. ఆ యజమాని ప్రభుత్వంతో బాగున్నన్నాళ్ళు ఏ తనిఖీ అధికారీ గేటు దగ్గరకు రాలేదు, సంబంధాలు చెడ్డాకే లెక్కలు తీశారు. చట్టాన్ని ఎంచుకున్నవాళ్ళ మీద, ఎంచుకున్న సమయంలో అమలు చేయడం, ఇదీ మీరు పరిశోధించాల్సిన అంశం. పత్రికా స్వేచ్ఛ చట్టంలో మీకు ఇది దొరకదు, పన్ను చట్టంలో దొరుకుతుంది.

టీవీ లైసెన్సుల గురించి ఎక్కువ చెప్పను. సెర్బియాలో 2022లో జాతీయ స్థాయి ఫ్రీక్వెన్సీలు మళ్ళీ పాత నాలుగు చానెళ్ళకే ఇచ్చారు. నాలుగూ ప్రభుత్వానికి అనుకూలమైనవే. అయిదో ఫ్రీక్వెన్సీ ఎవరికీ ఇవ్వకుండా అలాగే ఉంచారు. ఈ లైసెన్సులిచ్చే నియంత్రణ మండలి చట్టప్రకారం స్వతంత్రమైనది. అక్కడివాళ్ళు దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకుంటారంటే, 2024 నవంబరు 1న నొవి సాద్ రైల్వే స్టేషన్ పైకప్పు కూలి 16 మంది చనిపోయాక మొదలైన విద్యార్థి ఉద్యమం, 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వ టీవీ భవనాలను దిగ్బంధించింది. వాళ్ళ డిమాండ్లలో ఈ మండలి సభ్యుల ఎంపిక సరిగా జరగాలన్నది ఒకటి. ఇరవై ఏళ్ళ పిల్లలు రోడ్డు మీద నిలబడి నియంత్రణ మండలి నియామక ప్రక్రియ గురించి మాట్లాడడం నేను ఇంకెక్కడా చూడలేదు.

దావాలు. మీకు బాగా ఆసక్తి ఉన్న భాగం ఇదే అనుకుంటాను.

మొదట ఒక తీర్పు తప్పకుండా చదవండి: లెపోయిచ్ వర్సెస్ సెర్బియా, స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, 2007. బాబుష్నిత్సా అనే చిన్న ఊళ్ళో ప్రతిపక్ష నాయకుడొకాయన, మేయర్ జనం సొమ్మును వేడుకలకీ స్పాన్సర్‌షిప్‌లకీ పిచ్చిగా తగలేస్తున్నాడని ఒక ఉచిత పత్రికలో రాశాడు. క్రిమినల్ జరిమానా పడింది, సివిల్ కేసులో నష్టపరిహారమూ పడింది. ఆ పరిహారం, కోర్టు ఖర్చులు కలిపితేనే అప్పటి సెర్బియా సగటు జీతంతో చూస్తే దాదాపు ఎనిమిది నెలల జీతం. స్థానిక కోర్టు ఇచ్చిన కారణం చూడండి: మేయరూ కంపెనీ మేనేజరూ అయిన ఫిర్యాది గౌరవం మామూలు పౌరుడి గౌరవం కన్నా ఎక్కువ విలువైనదట. స్ట్రాస్‌బర్గ్ సిద్ధాంతం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అధికారంలో ఉన్నవాడే ఎక్కువ విమర్శ భరించాలి. నేను కొత్తగా చేరిన జూనియర్లకు మొదటి రోజు ఇచ్చేది ఈ తీర్పే. స్థానిక జడ్జి మనసులో ఏముందో ఇంత నిజాయితీగా రాతలో పెట్టిన కాగితం మళ్ళీ దొరకదు.

తర్వాత క్రిమినల్ పరువు నష్టం పోయింది. బోస్నియా అందరికన్నా ముందు, 1999లో, యుద్ధం తర్వాత శాంతి ఒప్పందం అమలును చూసే అంతర్జాతీయ ప్రతినిధి ఆదేశంతో మొదలుపెట్టింది. మాంటెనెగ్రో 2011లో, మాసిడోనియా, సెర్బియా 2012లో ఆ దారి పట్టాయి. మన దగ్గర భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో అది ఇంకా బతికే ఉంది, సుప్రీంకోర్టు 2016లో సమర్థించింది కూడా. కాబట్టి కాగితం మీద వాళ్ళు మనకన్నా ముందున్నారు. అయితే రెండు విషయాలు. ఒకటి, తీసేసినది తిరిగి రావచ్చు. బోస్నియాలో సెర్బులు ఎక్కువగా ఉండే రెపుబ్లికా స్రప్స్కా 2023 జులైలో పరువు నష్టాన్ని మళ్ళీ క్రిమినల్ నేరం చేసింది. రొమేనియాలో 2006లో పార్లమెంటు తీసేస్తే, మరుసటి ఏడాది రాజ్యాంగ కోర్టు ఆ రద్దు చెల్లదంది. చివరికి 2014లో కొత్త శిక్షాస్మృతి వచ్చాకే గొడవ తీరింది. రెండోది, క్రిమినల్ కేసు పోయిన చోట సివిల్ దావాలు వచ్చి కూర్చున్నాయి. క్రిమినల్ సెక్షన్లు పూర్తిగా పోని క్రొయేషియాలోనూ జర్నలిస్టుల సంఘం 2019లో లెక్క తీస్తే మీడియా మీద వెయ్యికి పైగా దావాలు నడుస్తున్నాయని తేలింది.

సెర్బియాలో మీడియా దావాలన్నీ, దేశంలో ఏ మూల పత్రిక మీదైనా సరే, బెల్‌గ్రేడ్ హైయ్యర్ కోర్టులోనే నడుస్తాయి. ఉద్దేశం మంచిదే, అనుభవమున్న జడ్జీలు చూస్తారని. ఒక విచారణ సంగతి చెబుతాను. ప్రతివాది దక్షిణాది పట్టణం నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగాడు, కోర్టు మెట్ల మీదే శాండ్‌విచ్ తిన్నాడు. ఫిర్యాది ఒక ప్రజాప్రతినిధి, రాలేదు. ఆయన లాయరు వచ్చి డాక్టర్ సర్టిఫికెట్ ఇచ్చాడు. వాయిదా. మొత్తం వ్యవహారం బస్సు టికెట్ చూపించేంత సేపు కూడా పట్టలేదు. అదే ప్రజాప్రతినిధి ఆ సాయంత్రం ఒక ప్రారంభోత్సవంలో రిబ్బన్ కత్తిరిస్తూ టీవీలో కనిపించాడు. ఆ దావాలో అడిగిన పరిహారం పెద్దదేం కాదు. తిరగడం, లాయరు ఫీజు, టెన్షన్, ఆ రోజు పోర్టల్‌లో వార్త వేసే మనిషి లేకపోవడం, ఇవే శిక్ష. తీర్పు ఎవరికి అనుకూలంగా వచ్చినా తేడా పెద్దగా ఉండదు.

దీనికి నేను చూసిన వాటిలో పనిచేసిన మందు మాసిడోనియా 2012 చట్టంలో ఉంది: పరిహారానికి పరిమితి. జర్నలిస్టుకు 2,000 యూరోలు, ఎడిటర్‌కు 10,000, యాజమాన్యానికి 15,000 మించకూడదు. 2022లో వీటిని ఇంకా తగ్గించారు. దావాలు ఆగిపోలేదు గానీ, ఒక్క తీర్పుతో పత్రిక మూతపడే భయం తగ్గింది. యూరోపియన్ యూనియన్ 2024లో నోరు మూయించే దావాల మీద తెచ్చిన డైరెక్టివ్ గురించి అందరూ గొప్పగా చెబుతారు, జాగ్రత్తగా చదవండి. అది సరిహద్దు దాటిన సివిల్ కేసులకే వర్తిస్తుంది. సోఫియా పత్రిక మీద సోఫియా వ్యాపారి సోఫియా కోర్టులో వేసిన దావాను అది ముట్టుకోదు, ఆ దేశం తనంతట తాను విస్తరిస్తే తప్ప. సెర్బియా, అల్బేనియా, మాసిడోనియా, బోస్నియాలు యూనియన్‌లో లేవు కాబట్టి వాటికి అసలు వర్తించదు.

హత్యలు, శిక్ష పడకపోవడం. పైన చెప్పిన చురువియాను 1999 ఏప్రిల్ 11న, నాటో బాంబులు పడుతున్న రోజుల్లో, ఆర్థొడాక్స్ ఈస్టర్ నాడు, బెల్‌గ్రేడ్‌లో సొంత ఇంటి ప్రవేశద్వారం దగ్గర కాల్చి చంపారు. అంతకు కొద్ది రోజుల ముందే ప్రభుత్వ టీవీ వార్తల్లో ఆయన దేశద్రోహి అనే అర్థం వచ్చే వ్యాసం చదివారు. ఆ రోజు రహస్య పోలీసులు ఆయన్ని వెంటాడుతూ రాసుకున్న నివేదిక తర్వాత బయటపడింది. విచారణ మొదలైంది 2015లో. రహస్య పోలీసు విభాగంలో పనిచేసిన నలుగురికి 2019లో శిక్ష పడింది, అప్పీలులో పోయింది, 2021లో మళ్ళీ పడింది. 2024 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు నలుగురినీ నిర్దోషులుగా వదిలేసిందని ప్రకటన వచ్చింది. ఇరవై అయిదేళ్ళ తర్వాత హంతకుడు ఎవరూ లేరు.

మాంటెనెగ్రోలో 'దాన్' సంపాదకుడు దుష్కో యొవానొవిచ్‌ను 2004లో చంపారు. బోస్నియాలో జెల్కో కొపాన్యా సెర్బు అయి ఉండి సెర్బుల యుద్ధ నేరాల గురించి తన పత్రికలో వేశాడు, 1999 అక్టోబరులో కారు బాంబులో రెండు కాళ్ళూ పోయాయి. ఈ కేసుల ప్రభావం చనిపోయినవాళ్ళతో ఆగదు. ఈరోజు ఒక యువ రిపోర్టర్‌కు బెదిరింపు మెసేజ్ వస్తే, అది ఉత్తుత్తిదో కాదో తేల్చుకోవడానికి వాళ్ళు చూసేది పాత కేసుల్లో ఏం జరిగిందో. చేయించినవాళ్ళకు శిక్ష పడలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2018లో బల్గేరియాలోని రూసే పట్టణంలో ఒక టీవీ ప్రెజెంటర్ దారుణంగా హత్యకు గురైంది. ఆమె చివరి కార్యక్రమంలో యూరోపియన్ నిధుల కుంభకోణం గురించి ప్రస్తావన ఉండడంతో ప్రపంచ మీడియా దాన్ని జర్నలిస్టు హత్యగా రాసేసింది. దర్యాప్తులో ఆమె పనికీ హత్యకూ సంబంధం లేదని తేలింది, దొరికినవాడికి శిక్ష కూడా పడింది. ఇప్పటికీ కొన్ని వ్యాసాల్లో ఆ కేసు 'పత్రికా స్వేచ్ఛ' జాబితాలో కనిపిస్తుంది. మీరు మాత్రం ఎత్తుకోకండి.

నిఘా గురించి రెండు ముక్కలు. రొమేనియాలో ఎమీలియా షెర్కాన్ అనే జర్నలిస్టు 2022 జనవరిలో అప్పటి ప్రధాని డాక్టరేట్ థీసిస్ కాపీ కొట్టి రాసినదని బయటపెట్టింది. తర్వాత ఆమె వ్యక్తిగత ఫొటోలు బయటకు వచ్చాయి. ఆమె పోలీసులకు సాక్ష్యంగా ఇచ్చిన స్క్రీన్‌షాట్ కూడా వాటి మధ్యలో తేలింది. సెర్బియాలో స్లావిషా మిలానొవ్ అనే స్థానిక జర్నలిస్టును 2024లో డ్రంక్ డ్రైవ్ పరీక్ష పేరుతో పోలీసు స్టేషన్‌కు తీసుకెళ్ళారు, ఫోన్ బయట పెట్టించారు. వెనక్కి ఇచ్చాక సెట్టింగులు మారి ఉండడం గమనించి చెక్ చేయిస్తే, ఫోన్ తెరిచి గూఢచార సాఫ్ట్‌వేర్ ఎక్కించారని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2024 డిసెంబరు నివేదికలో బయటపెట్టింది. రెండు చోట్లా ఆ పని పోలీసు స్టేషన్ గుమ్మం దాటాకే జరిగింది. ఫిర్యాదు ఇవ్వాల్సింది కూడా అక్కడే.

ర్యాంకింగ్‌లు: రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ జాబితాలో బల్గేరియా 2006లో 35, 2021లో 112, 2024లో 59. మూడేళ్ళలో అంత బాగుపడిందా అంటే, కొంత మాత్రమే. 2022లో వాళ్ళు లెక్కగట్టే పద్ధతి మార్చారు. అందుకని 2021 దాకా ఉన్న అంకెలను, ఆ తర్వాతి అంకెలను ఒకే గ్రాఫ్‌లో పెట్టకండి, పరీక్షకుడు అక్కడే పట్టుకుంటాడు. ఒకే ఏడాదిలో పక్కపక్క దేశాలను పోల్చడానికి మాత్రం ఆ జాబితా పనికొస్తుంది.

ఇక ఏ చట్టం మారిస్తే బాగుపడుతుంది అన్నారు. ఒక్క చట్టం మార్చి ఒరిగేదేం లేదని నా అభిప్రాయం. కానీ నాకు ఛాన్సిస్తే పత్రికా చట్టం జోలికి పోను. ప్రభుత్వ ప్రకటనల ఖర్చు ఎవరికి ఎంత వెళ్ళిందో నెలనెలా బయటపెట్టే నిబంధన, గ్రాంటు నిరాకరిస్తే మార్కులతో సహా కారణం రాయాలనే నిబంధన, దానిమీద అప్పీలు తేలేదాకా డబ్బు కదలకూడదనే నిబంధన, ఈ మూడూ అడుగుతాను. చూడడానికి గుమాస్తా పనిలా ఉంటాయి, కోర్టులో మాత్రం పట్టు ఇస్తాయి. దావాలకు మాసిడోనియా తరహా పరిమితి ఎలాగూ కావాలి. యూనియన్ సభ్య దేశాల్లో 2025 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన మీడియా స్వేచ్ఛ చట్టంలో ప్రకటనల పారదర్శకత గురించి ఉంది. బల్గేరియా, రొమేనియా, క్రొయేషియాలు దాన్ని ఎలా అమలు చేస్తాయన్నది మీకు కొత్త అధ్యాయం అవుతుంది, ఇంకా ఎవరూ పెద్దగా రాయలేదు.

అలాగని అంతా చీకటని రాసినా తప్పే. యూరప్‌లో మంచి పరిశోధనాత్మక జర్నలిజం కొంత ఈ దేశాల నుంచే వస్తోంది. బెల్‌గ్రేడ్‌లో క్రిక్, బుకరెస్ట్‌లో రికార్డర్ లాంటి చిన్న బృందాలు పాఠకుల విరాళాలతో, విదేశీ గ్రాంట్లతో నడుస్తున్నాయి. విదేశీ గ్రాంట్ల మీద ఆధారపడడంలో ఉన్న ఇబ్బంది వేరే కథ. ఎక్కడో రాజధానిలో విధానం మారితే ఇక్కడ ఉద్యోగాలు పోతాయి, పైగా 'విదేశీ ఏజెంట్లు' అనే తిట్టు రెడీగా ఉంటుంది.

మీ డిసర్టేషన్‌కు సలహా. మూడు దేశాలు ఎక్కువ, ఒకటి చాలు. సెర్బియా తీసుకుంటే లెపోయిచ్ తీర్పుతో మొదలుపెట్టి 2014 చట్టం అమలు దాకా రండి. మాసిడోనియా తీసుకుంటే 2012 డిసెంబరు 24న బడ్జెట్ చర్చ జరుగుతుండగా జర్నలిస్టులను పార్లమెంటు గ్యాలరీలోంచి బయటికి నెట్టేసిన కేసు ఉంది, సెల్మాని వర్సెస్ మాసిడోనియా. అక్కడి రాజ్యాంగ కోర్టు జర్నలిస్టుల ఫిర్యాదును కొట్టేసింది, స్ట్రాస్‌బర్గ్ 2017లో అది తప్పని తేల్చింది. రెండు తీర్పులూ ఇంగ్లీషులో ఉచితంగా దొరుకుతాయి. మునిసిపాలిటీల గ్రాంట్ల ఫలితాలు సెర్బియన్‌లోనే ఉంటాయి, మెషిన్ అనువాదం అంకెల వరకు సరిపోతుంది.

అక్కడి జర్నలిస్టులను ఇంటర్వ్యూ చేయాలనుకుంటే ఈమెయిల్‌లో పెద్ద ప్రశ్నావళి పంపకండి. ముఖ్యంగా పెండింగ్‌లో ఉన్న కేసు గురించి రాతపూర్వకంగా జవాబు అడగొద్దు, ఆ జవాబు రేపు అవతలి లాయరు చేతిలో కాగితం అవుతుంది. ముందు ఒక చిన్న మెసేజ్ పెట్టి, వాళ్ళ లాయరుకు అభ్యంతరం లేదని తెలిశాకే కాల్‌లో మాట్లాడండి.